కొలిచాకే కాఫీ

మా ఊళ్లో వెల్మా తిబో ఎవరి వాకిట్లోకైనా అడుగుపెట్టిందంటే కుక్క తోక ఊపుతుంది, యజమాని గొణుగుతాడు. కుక్కకేం, దాని పన్ను కూడా యజమానే కట్టాలి. చేతిలో కొలత టేపు, చంకలో కార్డుల కట్ట, కాళ్లకి రబ్బరు బూట్లు. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ ఇలాగే ప్రతి ఇంటి చుట్టూ తిరిగి, పొడవూ వెడల్పూ కొలిచి, ఆ ఇల్లు ఎంత చేస్తుందో కార్డు మీద రాసుకుని వెళ్తోంది. ఆ రాతని బట్టే ఇంటి పన్ను. ఇంటి పన్నుని బట్టే మా ఊరి బడి.

ఆవిడకో నియమం ఉంది. కొలత పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టదు. బయట చలికి చెవులు ఊడిపోతున్నా సరే, పొయ్యి మీద కాఫీ ఘుమఘుమలాడుతున్నా సరే. ముందు బయటి గోడలు, తర్వాత లోపలి గదులు, చివరికి అటకా నేలమాళిగా చూసి, కార్డు మూసి, పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాకే కుర్చీ లాక్కుంటుంది. అప్పుడు మాత్రం మొహమాటం లేదు. పెట్టింది పెట్టినట్టు తింటుంది, ఇంకా ఉందా అని అడుగుతుంది కూడా. "తిన్నాక కొలిస్తే టేపు సాగుతుంది" అనేది ఆవిడ మాట.

నేను డ్వైట్ పెల్కీని. రంపం మిషన్లు, గడ్డి కోసే మిషన్లు బాగుచేస్తాను. మా ఊరి కౌన్సిల్‌కి అధ్యక్షుణ్ని కూడా, కానీ అది నేను కోరి తెచ్చుకున్న పదవి కాదు. వెర్మాంట్ కొండల్లో మాలాంటి చిన్న ఊళ్లలో పదవులు జలుబులాగా తగులుకుంటాయి. వెల్మాకీ అలాగే తగులుకుంది. మార్చిలో మొదటి మంగళవారం ఊరంతా టౌన్ హాల్లో కూర్చుని ఏడాదికి కావలసిన నిర్ణయాలన్నీ చేతులెత్తి చేసుకుంటాం. మధ్యాహ్నం అక్కడే భోజనాలు. ఇళ్ల మదింపు చేసే ముగ్గురిలో ఒకాయన ఆ ఏడు మానుకున్నాడు. ఎవరు నిలబడతారని అడిగితే ఊరంతా ఒక్కసారిగా బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పుడెవరో వెనక నుంచి వెల్మా పేరు చెప్పారు. ఆవిడ ఆ టైముకి వంటగదిలో బీన్స్ మాడకుండా కలుపుతోంది. గరిటె పట్టుకుని బయటికొచ్చేసరికి ఎన్నిక అయిపోయింది, చప్పట్లు కూడా అయిపోయాయి. "సరే, ముందు తినండి, చల్లారిపోతున్నాయి" అని మళ్లీ లోపలికెళ్లింది. ఊళ్లో ఎవరైనా మీటింగు మధ్యలో లేచి వెళ్లబోతే ఇప్పటికీ వెల్మాని గుర్తుచేసి కూర్చోబెడతాం.

ఆవిడ పుట్టింది కొండమీది పాడి రైతు ఇంట్లో. పొద్దున్నే పాలు పితికి, రెండు మైళ్లు నడిచి మా బడికే వచ్చేది. ఎర్ర ఇటుకల బడి, నాలుగు గదులు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. తర్వాత దారపు కండెల మిల్లులో పనిచేసింది. మిల్లు మూసేశాక బ్యాంకు కౌంటర్లో కూర్చుంది. దుంగల లారీ తోలే రోలండ్ తిబోని పెళ్లాడి, టౌన్ హాలుకి రెండు ఇళ్ల అవతల కాపురం పెట్టింది. ఇద్దరు కూతుళ్లు, ఇద్దరూ మా బడిలోనే చదివారు. ఆరేళ్ల కిందట రోలండ్ పోయాడు. ఆవిడ మాత్రం ఊళ్లో పెళ్లిళ్లకీ చావులకీ కేకులు చేస్తూ, మిగతా రోజుల్లో టేపు పట్టుకు తిరుగుతూ ఉంది. డెబ్భై రెండేళ్లు వచ్చినా నిచ్చెన ఎక్కుతుంది. ఎక్కొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు.

రోలండ్ మంచివాడే గానీ మా ఊరి రోగం ఒకటి అతనికీ ఉండేది. ఇల్లు కట్టుకోవడం, పూర్తి చెయ్యకపోవడం. పూర్తికాని గదికి పన్ను తక్కువ. అందుకని మా ఊళ్లో సగం ఇళ్లకి ఒక మూల ఎప్పుడూ చివరి మేకు కొట్టకుండా మిగిలిపోతుంది. ఒకడు వరండాకి మెట్లు కట్టడు. ఒకడు మేడమీద గోడలు వెయ్యడు. అబద్ధం ఎందుకు, మా ఇంటికి పంతొమ్మిదేళ్లుగా బయట చెక్క పలకలు లేవు. కలప కొట్టువాడి పేరు అచ్చువేసిన తెల్ల కాగితమే చుట్టి ఉంటుంది. మా ఆవిడ నోరీన్, ఆ కొట్టువాడి దగ్గర ప్రకటనకి అద్దె వసూలు చెయ్యమని నన్ను ఏటా దెప్పుతుంది. రోలండ్ అయితే మేడమీద పెద్ద గది కట్టి, ఉత్త నిలువుకర్రలు నిలబెట్టి ముప్పై ఏళ్లు అలాగే వదిలేశాడు. వెల్మా మదింపు పనిలో ఉంది కాబట్టి ఎవరూ తప్పుపట్టడానికి లేకుండా ఆ గదిలోకి ఒక కుర్చీ కూడా వెయ్యనివ్వలేదు.

ఆ గది పూర్తయింది రోలండ్ పోయిన తర్వాతే. దానికి కారణం మా బడి పంతులమ్మ టెస్ ఓబర్న్. ఇరవై ఆరేళ్ల పిల్ల. ఉద్యోగం ఇచ్చాం గానీ ఉండటానికి ఇల్లు చూపించలేకపోయాం. ఉన్న ఇళ్లన్నీ శని, ఆదివారాలు మంచుమీద జారడానికి బోస్టన్ నుంచి వచ్చేవాళ్లు కొనేశారు. ఆ పిల్ల సామాను కార్లోనే పెట్టుకుని, వారం రోజుల్లో ఇల్లు దొరక్కపోతే వెళ్లిపోతానంది. వెల్మా ఆ చలికాలమంతా తనే గోడల్లో చలి ఆపే దూది కూరి, పలకలు బిగించి, పూత పూసి, పసుపు రంగు వేసింది. పూత పూయడం రాక మొదటి గోడ మూడుసార్లు గీకేసింది. వసంతానికి టెస్ పైకి చేరింది. అప్పటిదాకా ఆ పిల్ల వెల్మా హాల్లో సోఫామీదే పడుకుంది.

ఇక మా తిప్పలు. బడిలో అరవై ఒక్కమంది పిల్లలు. బాయిలరు నాతో పాటు ముసలిదైంది. టీచర్ల ఆరోగ్య బీమా ఏటేటా కొండెక్కుతోంది. ఖర్చు పెరిగితే పన్ను పెరుగుతుంది. దానికి తోడు రాష్ట్రం వాళ్లు ఇళ్ల విలువలన్నీ కొత్తగా కట్టమని తాఖీదు పంపారు. బోస్టన్ వాళ్లు ఎంతకి పడితే అంతకి కొంటూంటే మా పాకలు కూడా కాగితం మీద బంగారమైపోయాయి. కాగితం మీద అందరం ధనవంతులమే, వంటింట్లో మాత్రం ఎప్పటి బీన్సే. మార్చిలో బడి బడ్జెట్ ఓటుకి పెడితే ఓడిపోయింది. కొంత కోసి ఏప్రిల్లో మళ్లీ పెడితే మళ్లీ ఓడిపోయింది. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కొస్తే గొయ్యి. జూన్‌లో మూడోసారి. అదీ పోతే బడి మూసేసి పిల్లల్ని కనుమ అవతల పెద్ద బడికి పదిహేడు మైళ్లు బస్సులో పంపాలని కౌన్సిలూ బడి బోర్డూ కలిసి తీర్మానించాం. ఆ కాగితం మీద మొదటి సంతకం నాదే. జనవరిలో ఆ కనుమ రోడ్డు ఎలా ఉంటుందో మంచు తోసే బండి నడిపిన నాకు తెలుసు. అయినా పెట్టాను.

జనం కోపమంతా వెల్మా మీదికి మళ్లింది. ఖర్చు పెంచింది ఆవిడ కాదు. కానీ వాకిట్లోకి వచ్చి గోడ కొలిచింది ఆవిడే కదా. ఎవరైనా నిలదీస్తే ఆవిడ ఓపిగ్గా ఒకే మాట చెప్పేది. ఎంత వండాలో ఊరు తేల్చుకోవాలి, ఎవరి విస్తట్లో ఎంత వాటానో చెప్పడం వరకే తన పని, ఆ వాటా మాత్రం సరిగ్గా ఉంటుంది. ఊళ్లో చాలామంది ఆ చివరి మాట నమ్మేవాళ్లు. నిజం చెప్పాలంటే, మూడో ఓటు గెలుస్తుందని మాకున్న ఆశ కూడా అంతా ఆ నమ్మకం మీదే. మోత బరువే గానీ అందరికీ సమానంగా పడిందని తోస్తే ఊరు మోస్తుంది. వెల్మా లెక్కలో మాయ ఉందని తోస్తే మాత్రం బడికి తాళమే.

మే నెల మూడో వారంలో కొత్త విలువల కాగితాలు ఇంటింటికీ అందాయి. ఆ గురువారం సాయంత్రం టౌన్ హాల్లో మీటింగు పెట్టాం. బాయిలరు గురించి నేను ఒక పావుగంట మాట్లాడాను, ఎవరూ వినలేదు. అప్పుడు క్లేటన్ మార్ష్ లేచాడు. కొండకింద పాడి రైతు. మాటకి పొదుపు, కోపానికి కాదు. ఫిబ్రవరి మంచుకి అతని గొడ్ల సావిడి కప్పు కూలిపోయింది. అయినా కొత్త కాగితంలో సావిడికి పూర్తి విలువే పడింది. అతని చేతిలో తన కాగితంతో పాటు ఇంకో కాగితం ఉంది. ఊరి ఆఫీసులో ఎవరి కార్డైనా ఎవరైనా చూడొచ్చు. క్లేటన్ వెళ్లి వెల్మా ఇంటి కార్డు నకలు తెచ్చుకున్నాడు.

"ఇది వెల్మా ఇంటి కార్డు. మేడమీది గది, పూర్తి కాలేదు, ఉత్త కర్రలు అని రాసుంది" అన్నాడు. హాలంతా చూస్తున్నాడు. "మరి పంతులమ్మ రెండేళ్ల నుంచీ ఉత్త కర్రల మీదే పడుకుంటోందా? బడి నిలబడితే ఈవిడకి అద్దె నిలబడుతుంది, పన్ను మాత్రం మనం కట్టాలి. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?"

వెల్మా మూడో వరసలో ఉంది. లేవడానికి కాస్త టైము పట్టింది. ఆవిడ మొహం అంత తెల్లబడటం రోలండ్‌ని పూడ్చిన రోజున కూడా నేను చూడలేదు.

"నా కార్డు నేను చూడకూడదు. అందుకని చూళ్లేదు" అంది. "గది పూర్తయింది. పసుపు రంగు కూడా వేశా. కార్డు మీద లేదంటే తప్పే, క్లేటన్. నువ్వు చెప్పింది తప్పు కాదు."

అంతే, కూర్చుంది. సమర్థించుకుంటే జనం పోట్లాడేవాళ్లేమో. ఒప్పుకునేసరికి ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. టోపీలు పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ ఆవిడ వైపు చూడకుండా వెళ్లారు.

జరిగింది ఇదీ. మదింపు చేసేవాళ్లు తమ ఇల్లు తాము కొలవకూడదు, మిగతా ఇద్దరూ కొలవాలి. ఆ ఇద్దరిలో ఒకావిడ మంచు పడగానే ఫ్లోరిడా వెళ్లిపోయి, మట్టిరోడ్లు ఆరాక తిరిగొస్తుంది. మిగిలింది కెండల్ హబ్బర్డ్. నలభై ఏళ్లవాడు, మంచి కుర్రాడని ఇప్పటికీ అంటాం. పోయిన నవంబర్లో వెల్మా ఇల్లు కొలవడానికి వెళ్లాడు. వంటింట్లో కూర్చున్నాడు. లేచాక పాత కార్డు చూసి, పైన ఉన్నది ఎప్పుడూ ఉన్నదే కదా అనుకుని, పాత మాటే దింపి వచ్చేశాడు. మేడ మెట్లు ఎక్కలేదు. ఊళ్లో అందరికీ తెలిసిన గది అతని పెన్సిలుకి తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే వెల్మా నా షెడ్డుకి వచ్చింది. నేను ఒక రంపం విప్పి ముందేసుకుని ఉన్నాను. ఫిర్యాదుల రోజు పై శనివారమే కదా, తన పేరు మొదట రాసుకోమంది. ఇంటి విలువ ఎక్కువ కట్టారనుకునేవాళ్లు వచ్చి మొర పెట్టుకునే రోజు అది. నా పాతికేళ్ల ఎరుకలో తక్కువ కట్టారని ఎవరూ వచ్చింది లేదు. ఆ మాటే చెప్పాను. కెండల్‌తో చెప్పి గుట్టుగా కార్డు దిద్దించుకోమన్నాను. జనం అప్పుడే సగం మర్చిపోయుంటారని కూడా అన్నాను, అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"మాట పోయింది హాల్లో. షెడ్డులో ఎలా తిరిగొస్తుంది, డ్వైట్?" అంది.

నాకు ఒళ్లు మండింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందన్నాను. ఆవిడ కార్డే తప్పని అధికారికంగా రాసుకున్నామంటే ప్రతివాడూ తన కార్డూ తప్పేనంటాడు, మూడు వారాల్లో ఓటు, బడి పోతుంది, టెస్ పోతుంది, ఆవిడ అంత కష్టపడి పూత పూసిన గది మళ్లీ ఖాళీ అవుతుంది. ఇవన్నీ గబగబా అనేశాను. ఆవిడ అంతా విని, రంపం పళ్లు వేలితో తడిమి చూసింది.

"పోవచ్చు" అంది. "రాత్రంతా అదే ఆలోచించా. టెస్ కూడా సామాను సర్దుకుని వెళ్లిపోతానంది, దించమన్నా. కానీ అబద్ధం కార్డు పెట్టుకుని జనాన్ని బడికి డబ్బివ్వమని నేనెలా అడగను? నువ్వైనా ఎలా అడుగుతావ్?"

మా ఇంటి కాగితం గోడ గుర్తొచ్చింది. ఆవిడ పేరు మొదట రాసుకున్నాను.

శనివారం పొద్దున టౌన్ హాలు నడవాలో పద్నాలుగు మంది బెంచీల మీద కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ కాగితాలు, అందరి మొహాల్లోనూ తగ్గింపు. క్లేటన్ మార్ష్ రెండోవాడు. తలుపు తెరిచి పెట్టే ఉంచాలని నియమం కాబట్టి లోపలి మాటలన్నీ నడవాలోకి వినిపిస్తాయి. బల్ల వెనక కెండల్, పక్కన ఫ్లోరిడా ఎండకి ఎర్రబడి వచ్చిన ఆవిడ. ఎప్పుడూ ఆ బల్ల వెనక మధ్య కుర్చీలో కూర్చునే వెల్మా ఆ రోజు చర్చికి వేసుకునే నీలం కోటు వేసుకుని ఇటువైపు కూర్చుంది. కెండల్ ఆవిడ చేత ప్రమాణం చేయించాడు.

ఆవిడ ఫిర్యాదు సూటిగా చెప్పింది. తన ఇంటికి తక్కువ కట్టారు, మేడమీద గది ఒకటి లెక్కలో లేదు. కెండల్ మెడ దాకా ఎర్రబడి, తప్పు తనదేనన్నాడు. పైకి వెళ్లలేదని, వెళ్లాల్సిందని, కావాలంటే రాజీనామా ఇస్తానని కూడా అన్నాడు.

"నీది సగమే, నాయనా" అంది వెల్మా. "మిగతా సగం నాది. నువ్వు గుమ్మంలోకి రాగానే కాఫీ, ఆపిల్ కేకు పెట్టా. కొలవకముందే పెట్టా. ఇరవై ఆరేళ్లలో ఒక్క ఇంట్లో నేను అలా తినలేదు. మా ఇంటికొచ్చిన వాడికి మాత్రం పెట్టేశా."

కెండల్ తల వంచుకుని, "కేకు బావుంది" అన్నాడు.

నడవాలో ఎవరో ముక్కుతో నవ్వారు. తర్వాత ఇంకొకరు. చివరికి పద్నాలుగు మందీ నవ్వారు, క్లేటన్ మీసం కూడా కాస్త కదిలింది. నవ్వు ఆగాక వెల్మా లేచి, ఇప్పుడే వచ్చి కొలవమంది. బహిరంగ విచారణ కాబట్టి చూడాలనుకున్నవాళ్లు రావచ్చని నేను అధికార హోదాలో ప్రకటించాను. నాకూ చూడాలనుంది మరి. అలా పద్నాలుగు మందీ కాగితాలు పట్టుకుని వీధిలో నడిచి, రెండు ఇళ్లు దాటి, వంటింటి తలుపులోంచే లోపలికి వెళ్లాం. మా ఊళ్లో ముందు తలుపు శవానికీ పెళ్లికూతురికీ తప్ప తెరవం. పొయ్యి మీద కాఫీ లేదు. బల్ల మీద ఒక్క రొట్టె ముక్క కూడా లేదు. వెల్మా ఈసారి జాగ్రత్త పడింది.

కెండల్ మెట్లెక్కాడు, వెనకే మేము. గది పొద్దుటి ఎండకి పసుపు పచ్చగా వెలుగుతోంది. మంచం, పుస్తకాలు, పిల్లలు గీసిన బొమ్మలు గోడనిండా. టెస్ కిటికీ దగ్గర బెరుగ్గా నిలబడి ఉంది. కెండల్ టేపు లాగాడు, ఫ్లోరిడా ఆవిడ రెండో కొస పట్టుకుంది. తలుపు వెనక మూలకి వచ్చేసరికి కెండల్ ఆగిపోయాడు. అక్కడ ఒక నిలువుకర్రని మాత్రం పలక వేసి కప్పకుండా వదిలేసింది వెల్మా. దాని మీద వడ్రంగి పెన్సిలుతో రోలండ్ రాత. ఒక సంవత్సరం అంకె, పక్కన 'వచ్చే ఏడు'. దాని కింద ఇంకో అంకె, మళ్లీ 'వచ్చే ఏడు'. నేల దాకా ముప్పై సార్లు రాశాడు ఆ మహానుభావుడు.

ఆ కర్ర చూస్తూంటే నాకు నా ఇల్లే కనిపించింది. రోలండ్ ఆ గదిలో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. పన్ను మిగుల్చుకున్నాడు, గది మిగల్లేదు. నా చుట్టూ నిలబడ్డ వాళ్లలో కనీసం అరడజను మంది తమ ఇంట్లోని ఏదో ఒక మూల తలుచుకుంటున్నారని పందెం కాస్తాను.

కెండల్ కార్డు మీద 'పూర్తయింది, ఒక కర్ర తప్ప' అని రాశాడు. ఆ కర్రకి తగ్గింపు ఇవ్వాలా అని నిజంగానే అడిగాడు. వెల్మా వద్దంది.

తిరిగి హాలుకి వచ్చేసరికి నడవాలో తొమ్మిది మందే మిగిలారు. మిగతావాళ్లు దారిలోనే ఎటో వెళ్లిపోయారు. వెల్మా కోటు తీసి కొక్కేనికి తగిలించి, బల్ల వెనక తన మధ్య కుర్చీలో కూర్చుని క్లేటన్‌ని పిలిచింది. అతను కాగితం బల్లమీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. తిట్లు వస్తాయనుకున్నాడో ఏమో. ఆవిడ అతన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తాను సావిడి కొలిచింది అక్టోబరులోనని, ఫిబ్రవరిలో కప్పు కూలిందని, మంచు కరిగాక వెళ్లి చూసి రాళ్ల గోడలు తప్ప ఏమీ మిగల్లేదని కూడా రాసుకున్నా, ఆ కాగితం కార్డులోకి ఎక్కలేదని మిగతా ఇద్దరికీ చెప్పింది. విలువ సగానికి పైగా తగ్గించారు. అతని మొర న్యాయమైనదే. మొదటి నుంచీ న్యాయమైనదే.

క్లేటన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఆ కేకు," అన్నాడు, "కొలతలయ్యాక ఎప్పుడైనా పెడతావా?"

"కప్పు వేసుకో, వచ్చి కొలుస్తా. తెస్తా" అంది.

జూన్ రెండో మంగళవారం మూడో ఓటు. పొద్దుట్నుంచీ ఎండ బాగా కాసింది, గడ్డి కొయ్యడం ఆపి మరీ జనం వచ్చారు. పంతొమ్మిది ఓట్ల తేడాతో బడ్జెట్ గెలిచింది. అది వెల్మా వల్లే అని నేను ఒట్టు వెయ్యలేను. ఓటు రహస్యం, ఎండ అందరిదీ. బాయిలరు గురించి నేను మాట్లాడింది విని మారారని మాత్రం ఎవరూ అనలేదు. పన్ను పెరిగింది, కట్టేటప్పుడు అందరం మూలిగాం, వచ్చే మార్చిలో మళ్లీ కొట్టుకుంటాం. కానీ సెప్టెంబర్లో ఎర్ర ఇటుకల బడి తలుపు తెరుచుకుంది. అరవై ఒక్కమందికి ఇద్దరు కలిసి అరవై మూడు అయ్యారు. పొద్దున ఎనిమిదింటికి టెస్ వెల్మా వంటింటి తలుపులోంచి పరుగెత్తడం నా షెడ్డులోంచి కనిపిస్తుంది. రోజూ ఆలస్యమే ఆ పిల్ల.

ఆ ఎండాకాలమే నేను మా ఇంటికి చెక్క పలకలు కొట్టాను. నోరీన్ మొదటి వారం నమ్మలేదు. రెండో వారం నిచ్చెన పట్టుకుంది. మూడో వారం కలప కొట్టువాడి పేరున్న కాగితం చివరి ముక్క పలక కింద మాయమవుతుంటే, ఇన్నాళ్లూ అద్దె రాకపోయినా పరవాలేదులే అంది. తెల్ల రంగు వేశాం. రోడ్డు మీద కార్లు కాస్త నెమ్మదించి చూసి వెళ్తుంటే నాకు సిగ్గూ గర్వమూ రెండూ కలిగాయి.

అక్టోబరులో వెల్మా వచ్చింది, కెండల్‌ని వెంటేసుకుని. మా కుక్క తోక ఊపింది. నేను అలవాటు కొద్దీ గొణిగాను. నోరీన్ అప్పటికే కాఫీ కాచి, నూనెలో వేయించిన డోనట్లు పళ్లెంలో పెట్టి ఉంచింది. వెల్మా వాటి వైపు కన్నెత్తి చూడలేదు. కెండల్ ఒక్కసారి చూసి, గబుక్కున చూపు తిప్పుకుని, అటక నిచ్చెన ఎక్కేశాడు. బయటి గోడలు నాలుగువైపులా చేత్తో తడుముతూ కొలిచింది ఆవిడ. ఒకచోట మేకు బయటికి ఉందని చూపించి సుత్తి తెప్పించింది. చివరికి కార్డు మీద ఏదో కొట్టేసి, ఏదో రాసి, కార్డు మూసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుంది.

ఎంత పెరిగిందని అడిగాను. మేలో కాగితం వస్తుందంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు పెట్టు, నోరీన్."

రెండు డోనట్లు తిని, వేళ్లు నాక్కుని, కిటికీలోంచి కొత్త పలకల అంచు వైపు కాసేపు చూసింది.

"రోలండ్ ఉంటే నిన్ను పిచ్చోడనేవాడు, డ్వైట్" అంది. "తర్వాత ఇంటికొచ్చి సుత్తి ఎక్కడుందని అడిగేవాడు."

ఇంకా ఉన్నాయా అని పళ్లెం ముందుకి జరిపింది.